అమ్మానాన్నలతో, చిన్నపాపతో బిగ్ బెండ్ వెళ్ళొచ్చా? వెళ్ళొచ్చు, మేలో మాత్రం వద్దు

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్ళకి కూడా అర్థమవుతుంది. మీరు డాలస్ దగ్గర ఉంటారు. మీ అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చి జూన్ దాకా ఉంటారు. నాన్నగారికి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పాపకి ఎనిమిదేళ్ళు. టెక్సస్‌లోనే ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి మే చివర్లో వచ్చే మెమోరియల్ డే సెలవుల్లో మూడు రోజులు వెళ్దామనుకుంటున్నారు. ఎండ తట్టుకోగలమా, తిండి ఎలా, బోర్డర్ దగ్గర చెకింగ్ అంటున్నారు, హెచ్1బి వాళ్ళకి ఇబ్బందా అని అడిగారు.

నేను ఆస్టిన్‌లో ఉంటాను. 2012 నుంచి ఇప్పటికి పదకొండుసార్లు వెళ్ళాను. ఒంటరిగా వెళ్ళాను, పిల్లలతో వెళ్ళాను, మా నాన్నగారిని కూడా తీసుకెళ్ళాను. అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

మెమోరియల్ డే ఆలోచన మానేయండి. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ కూడా వద్దు, అప్పుడు పార్కింగ్ దొరకడమే కష్టం. ఫిబ్రవరి రెండో సగంలో, వీలైతే వారం మధ్యలో, శని, ఆదివారాలకి మూడు రోజుల లీవు కలిపి మొత్తం ఐదు రోజులు వెళ్ళండి. రెండు రోజులు దారికే పోతాయి, మూడు రోజులు అక్కడ ఉంటారు.

మే ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ఈ పార్కు వైశాల్యం 8 లక్షల ఎకరాల పైన. చివావా ఎడారి మధ్యలో చీసోస్ కొండలు, దక్షిణం అంచున 118 మైళ్ళ పొడవునా రియో గ్రాండే నది. నదికి అవతల ఒడ్డు మెక్సికో. ఆగ్నేయంగా వచ్చే నది ఇక్కడ పెద్ద మలుపు తిరిగి ఈశాన్యంగా పోతుంది, పేరు అలా వచ్చిందే. నది ఒడ్డు సముద్రమట్టానికి 1,800 అడుగుల ఎత్తులో ఉంటే, ఎమరీ శిఖరం 7,800 అడుగుల పైన. ఒకే రోజు, ఒకే గంటలో నది దగ్గరికీ కొండ మీదికీ 20 డిగ్రీల ఫారన్‌హీట్ తేడా ఉండటం ఇక్కడ మామూలే. పైగా ఇక్కడ మే, జూన్ నెలలే అన్నిటికంటే వేడి. జులైలో వానలు మొదలయ్యాక కొంత తగ్గుతుంది. మే చివర్లో నది పక్కన 110 దాటడం వింత కాదు. మన రోహిణి కార్తె ఎండ తెలిసినవాళ్ళం కదా అని ధీమాగా ఉంటాం. అక్కడైతే పది అడుగులకో చెట్టు, వీధి చివర ఒక బడ్డీకొట్టు ఉంటాయి. ఇక్కడ మైళ్ళ తరబడి నీడ ఉండదు, గాలిలో తేమ ఉండదు కాబట్టి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, ఒంట్లో నీరు ఎంత పోయిందో తెలియదు.

నాకు ఇది అనుభవం మీద తెలిసింది. మొదటిసారి 2012 మే చివర్లోనే వెళ్ళాం, నేనూ మా ఆవిడా. చీసోస్ బేసిన్ నుంచి విండో అనే చోటికి ఒక కాలిబాట ఉంది, పోనూరానూ 5.6 మైళ్ళు. బేసిన్ అంటే చుట్టూ కొండలున్న గిన్నె లాంటి లోయ. అందులో పడిన వాననీళ్ళన్నీ ఒకే సందులోంచి కిందికి దూకుతాయి, అదే విండో. వెళ్ళేటప్పుడంతా దిగుడే, హాయిగా ఉంటుంది. ఉదయం పదింటికి, మనిషికి రెండు చిన్న సీసాల నీళ్ళతో దిగాం. చివర రాయి నీళ్ళు పారి పారి అద్దంలా నున్నగా అరిగిపోయి ఉంటుంది, అంచుకి పోతే కింద పాతాళమే. ఫొటోలు తీసుకుని వెనక్కి తిరిగేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర, చేతిలో అర సీసా నీళ్ళు, ఎదురుగా ఎక్కుడు. సగం దారిలో మా ఆవిడ ఒక రాయి మీద కూర్చుండిపోయింది. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉంది, చేతులు చూస్తే చెమట లేదు, పొడిగా వేడిగా ఉన్నాయి. ఎటు నుంచో వస్తున్న ఒక ముసలి దంపతులు ఆగి, తమ నీళ్ళలో లీటరు దాకా ఇచ్చి, ఉప్పు జల్లిన వేరుశనగపప్పు ఆమె చేత తినిపించి, తడిపిన రుమాలు మెడ మీద వేసి, గంటసేపు మాతోనే కూర్చున్నారు. వాళ్ళ పేర్లు కూడా అడగలేదు, ఇప్పటికీ ఆ బాధ ఉంది. 2023 జూన్‌లో నది వైపున్న మరూఫో వేగా బాట మీద, 119 డిగ్రీల ఎండలో 14 ఏళ్ళ అబ్బాయి పడిపోయాడు. సాయం కోసం కారు దగ్గరికి పరిగెత్తి, కారు తీసిన అతని సవతి తండ్రి కూడా ప్రమాదంలో పోయాడు. ఆ బాటలో నీడా లేదు, నీళ్ళూ లేవు. మిమ్మల్ని భయపెట్టాలని రాయడం లేదు, పాపతో, పెద్దవాళ్ళతో వెళ్తున్నారు కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరిలో నది దగ్గర పగలు 70ల్లో, బేసిన్‌లో 60ల్లో ఉంటుంది. రాత్రి బేసిన్‌లో 30ల్లోకి దిగిపోతుంది, స్వెట్టర్లు, మంకీ క్యాప్ తప్పవు. వానలు బాగా పడిన ఏడాదైతే రోడ్ల పక్కన బిగ్ బెండ్ బ్లూబానెట్ పూలు అప్పటికే విరగబూసి ఉంటాయి. మీరు డాలస్ దగ్గర ఏప్రిల్‌లో చూసే పొట్టి బ్లూబానెట్ కాదు ఇది, రెండు మూడు అడుగులు పెరిగే వేరే రకం. కంకర నేలలోంచి నీలం కర్రలు లేచినట్టు ఉంటాయి.

ఇక దూరం. డాలస్ నుంచి పార్కు ఆఫీసు ఉన్న పాంథర్ జంక్షన్‌కి డ్రైవింగే దాదాపు తొమ్మిది గంటలు. ఒక్క రోజులో లాగించేద్దాం అనుకోకండి. ఐ-20 మీద ఒడెస్సా దాకా వచ్చి, దక్షిణానికి తిరిగి మొదటి రాత్రి ఫోర్ట్ స్టాక్‌టన్‌లో ఆగండి. అక్కడ పెద్ద స్టోర్లున్నాయి, పాలు, పెరుగు, పళ్ళు, నీళ్ళ క్యాన్లు అక్కడే కొనండి. ఆ తర్వాత మారథాన్ అనే చిన్న ఊరు, అక్కడ ట్యాంకు ఫుల్ చేయించండి, సగం ఉన్నా సరే. మారథాన్ నుంచి పాంథర్ జంక్షన్‌కి 70 మైళ్ళు, మధ్యలో బంకు లేదు. పార్కు లోపల పాంథర్ జంక్షన్‌లో, రియో గ్రాండే విలేజ్‌లో పెట్రోలు దొరుకుతుంది. ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఒక కాగితం మ్యాపు కూడా తీసుకోండి, గేటు దగ్గర ఇస్తారు. ప్రవేశ రుసుము కారుకి 30 డాలర్లు, వారం రోజులు చెల్లుతుంది.

బస విషయం జాగ్రత్తగా చూసుకోవాలి. పార్కు లోపల ఉన్న ఒకే ఒక లాడ్జి చీసోస్ బేసిన్‌లో ఉంది. ఆ పాత లాడ్జిని తీసేసి కొత్తది కట్టడానికి, నీళ్ళ పైపులు మార్చడానికి ప్రభుత్వం పెద్ద పని తలపెట్టింది. ఆ పని సాగినంత కాలం బేసిన్‌కి వెళ్ళనివ్వరు. అందుకని బుకింగ్‌కి ముందే పార్కు వెబ్‌సైట్‌లో ఆ రోజు పరిస్థితి చూసుకోండి. మీకు నా సలహా ఎలాగూ టెర్లింగ్వా వైపు వంటగది ఉన్న ఇల్లు తీసుకోమనే. పార్కు పశ్చిమ గేటుకి దగ్గర. ఫొటోలు చూసి మోసపోకండి. ఆ ప్రాంతంలో నీళ్ళ కుళాయి లేని, బాత్రూము ఇంకెక్కడో దూరంగా ఉన్న కేబిన్లు కూడా అద్దెకిస్తారు. బాత్రూము గదిలోనే ఉందా, మెట్లు ఎన్ని ఉన్నాయి, హీటర్ ఉందా అని అడిగి రాయించుకోండి. రాత్రి పూట నాన్నగారు టార్చి పట్టుకుని బయటికి నడవాల్సిన పరిస్థితి రాకూడదు.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది ఇక్కడ చూడాల్సిన పది చోట్లు రాసుకుని, ఒకటి తర్వాత ఒకటి కొట్టుకుంటూ పోతారు. రోజుకి 150 మైళ్ళు కారులోనే తిరుగుతారు. నేను చేసేది వేరు. సూర్యుడు ఎక్కడున్నాడు, మనం ఎంత ఎత్తులో ఉన్నాం, ఈ రెండే చూసుకుని రోజుని అమర్చుకుంటాను. పొద్దున్నా సాయంత్రమూ నది, ఎండ ముదిరితే కొండ లేదా కారు, రాత్రి ఆకాశం.

ఫోర్ట్ స్టాక్‌టన్ నుంచి వచ్చే రోజు తొందరపడొద్దు. ఉత్తరం గేటు దాటాక, పాంథర్ జంక్షన్‌కి 8 మైళ్ళ ముందు శిలాజాల ప్రదర్శన వస్తుంది. పైకప్పు ఉంది, నడక దాదాపు లేదు, పాపకి ఇది పండగే. 1971లో ఇదే పార్కులో ఒక విద్యార్థికి ఒక ఎగిరే సరీసృపం ఎముకలు దొరికాయి. దాని పేరు క్వెట్జల్‌కోట్లస్. రెక్కలు చాపితే 35 అడుగుల దాకా ఉండేదని లెక్కకట్టారు, చిన్న విమానమంత. దాని నమూనా కింద నిలబడి పైకి చూడమనండి పాపని. అక్కడి నుంచి మధ్యాహ్నానికి రియో గ్రాండే విలేజ్ చేరండి. అక్కడ ముప్పావు మైలు నడక ఉంది, మొదట్లో నీటి మీద చెక్క వంతెన. చివర చిన్న గుట్ట ఉంది, నాన్నగారు వంతెన దగ్గరే ఆగిపోయినా లోటు లేదు. సాయంత్రం తూర్పు వైపు చూడండి. మెక్సికోలోని సియెర్రా డెల్ కార్మెన్ అనే సున్నపురాయి కొండగోడ మీద పడమటి ఎండ పడుతుంది. ముందు పసుపు, తర్వాత నారింజ, చివరికి కుంకుమ కలిపిన పాల రంగు. పదిహేను నిమిషాల్లో అంతా అయిపోతుంది, ఆ పదిహేను నిమిషాలకి కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు.

దారిలో వేడినీటి ఊట ఉంది, నది ఒడ్డునే, నీళ్ళు 105 డిగ్రీలు. 1909లో ఒకాయన ఇక్కడ స్థిరపడి స్నానాల గది కట్టాడు, ఇప్పుడు దాని పునాది తొట్టిలా మిగిలింది. మోకాళ్ళ నొప్పులకి మంచిదని నాన్నగారికి ఆశ కలగవచ్చు. అయితే అక్కడికి పోయే మట్టిరోడ్డు సన్నగా ఉంటుంది, ఆ తర్వాత అర మైలు నడక. మొదటి రోజు అలసట మీద ఇది పెట్టుకోకండి.

రెండో రోజు, బేసిన్ తెరిచి ఉంటే, కొండలకి. పాంథర్ జంక్షన్ నుంచి ఎక్కుతుంటే మైలు మైలుకీ చెట్లు మారిపోతాయి. కింద ఎడారిలో ఉన్న ముళ్ళ మెస్కీట్ చెట్టుని చూస్తే మీ అమ్మగారు వెంటనే గుర్తుపడతారు, అది మన సర్కారు తుమ్మకి సొంత జాతిదే. కాస్త పైకి పోతే సెంచరీ ప్లాంట్, అది మన కిత్తనార కుటుంబం, ఏళ్ళ తరబడి ఊరికే ఉండి ఒక్కసారి తాటిమట్ట లావున కాడ తన్నుకొచ్చి పూసి చచ్చిపోతుంది. ఇంకా పైన ఓక్, పైన్, సైప్రస్. మంచుయుగంలో ఈ ప్రాంతమంతా చల్లగా ఉన్నప్పుడు కింద కూడా ఉన్న అడవి ఇది. వాతావరణం వేడెక్కేకొద్దీ పైపైకి పోయి, చుట్టూ ఎడారి చుట్టుముట్టాక ఈ కొండల మీద దీవిలా చిక్కుకుపోయింది. కొలీమా వార్బ్లర్ అనే చిన్న పిట్ట మెక్సికో అడవులది, అమెరికా మొత్తంలో గూడు కట్టేది ఈ కొండల్లోనే, వేసవిలో. నల్ల ఎలుగుబంట్లు ఒకప్పుడు ఇక్కడ పూర్తిగా పోయాయి. 1980ల చివర్లో మెక్సికో కొండల నుంచి ఎడారి దాటి తమంతట తామే వచ్చి మళ్ళీ కాపురం పెట్టాయి. ఎవరూ తెచ్చి వదల్లేదు. నాకు ఈ పార్కులో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

మీరూ పాపా లాస్ట్ మైన్ బాట ఎక్కండి. మొత్తం పోనూరానూ 4.8 మైళ్ళు, 1,100 అడుగుల ఎక్కుడు. పాపతో మొదటి మైలు చాలు, అక్కడ కొండల మధ్య కనుమ వస్తుంది, దక్షిణాన జూనిపర్ లోయ అంతా తెరుచుకుంటుంది. కార్లు పట్టేది కొద్దిగానే, ఏడున్నరకల్లా చేరాలి. ఆ సమయంలో అమ్మానాన్నల్ని బేసిన్‌లో కూర్చోబెట్టండి. సాయంత్రం విండో వ్యూ బాట అని మూడో వంతు మైలు కూడా లేని సిమెంటు దారి ఉంది, చక్రాల కుర్చీ కూడా పోతుంది. విండో సందునీ, సాయంత్రపు ఆకాశాన్నీ అక్కడి నుంచి చూడవచ్చు. బేసిన్ మూసి ఉంటే దిగులు పడకండి, ఆ రోజుని ఫోర్ట్ డేవిస్‌కి మార్చుకోండి. కొండ మీది దాకా కారు పోతుంది, రాత్రి మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీలో టెలిస్కోపులతో ఆకాశం చూపించే స్టార్ పార్టీ ఉంటుంది, టికెట్ ముందే తీసుకోవాలి.

మూడో రోజు శాంటా ఎలెనా లోయకి. ఒక్క చోటే చూడగలం అంటే నేను ఇదే చూడమంటాను. ఐదున్నరకి లేవండి, బద్ధకించొద్దు. రాస్ మాక్స్‌వెల్ రోడ్డు 30 మైళ్ళు, పార్కు మొదటి సూపరింటెండెంట్ పేరు అది, ఆయన భూగర్భ శాస్త్రవేత్త. మలుపు మలుపుకీ కొండల లోపలి కథ కనిపించేలా ఉంటుంది ఆ దారి. లావా, బూడిద, వాటిని కోసుకుపోయిన వాగులు. దారిలో సోటోల్ విస్టా దగ్గర ఒక్క నిమిషం ఆగి నైరుతి వైపు చూడండి. దూరంగా ఒక పొడుగాటి కొండగోడ, దాంట్లో కత్తితో గాటు పెట్టినట్టు సన్నటి చీలిక. పాపకి ఆ గాటు చూపించి, అక్కడికే పోతున్నాం అని చెప్పండి.

గంట తర్వాత ఆ గాటు ముందు నిలబడతారు. ఇటు గోడ అమెరికా, అటు గోడ మెక్సికో, మధ్యలో నది. గోడలు 1,500 అడుగులు. పాపికొండల మధ్య గోదావరి మీద లాంచీలో పోయినవాళ్ళకి రెండు కొండల మధ్య నీళ్ళు కొత్త కాదు. కానీ అక్కడ కొండ ఏటవాలుగా, పచ్చగా దిగుతుంది. ఇక్కడ తాపీ పెట్టి కట్టినట్టు నిట్టనిలువుగా రాయి. లోయ నోరు తూర్పుకి ఉంది, అందుకే పొద్దున్నే రమ్మన్నాను. ఎండ నేరుగా గోడ మీద పడి లోపలికి కొంతదూరం పాకుతుంది. మధ్యాహ్నం తర్వాత వెళ్ళినవాళ్ళకి నల్లటి నీడ తప్ప రాయి రంగు తెలియదు.

అక్కడ పాపకి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఈ రాయి పది కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగు, గోడలో గవ్వల అచ్చులు కనిపిస్తాయి. తర్వాత భూమి ఇక్కడ పగిలి ఒక పక్క పైకి లేచింది, ఇంకో పక్క కుంగింది. గోడ పైన కనిపించే రాతి పొర, మీరు కారు ఆపిన చోట మీ కాళ్ళ కింద ఎంతో లోతులో కప్పబడి ఉంది. గోడ అలా ఉన్నట్టుండి ఆగిపోవడానికి కారణం అదే.

కాలిబాట పోనూరానూ 1.7 మైళ్ళు. ముందు టెర్లింగ్వా వాగు దాటాలి. ఎక్కువగా పొడిగానో, పాదం తడిసేంతో ఉంటుంది. ముందురోజు వాన పడితే మోకాలి లోతు బురద, అప్పుడు దాటే ప్రయత్నమే చేయకండి. తర్వాత మెలికలు తిరిగే మెట్ల దారి ఎక్కి, మళ్ళీ రెల్లు పొదల మధ్య నది మట్టానికి దిగుతారు. నాన్నగారు వాగు ఇవతలి ఇసుకలో కూర్చుంటే చాలు, లోయ నోరు మొత్తం ఎదురుగా ఉంటుంది. మా నాన్నగారు అక్కడే కూర్చున్నారు. నేను లోపలి చివరికి పోయి "నాన్నా" అని గట్టిగా పిలిచాను. పిలుపు గోడ నుంచి గోడకి తగిలి నాలుగైదు సార్లు తిరిగింది. వెనక్కి వచ్చాక ఆయన, "నువ్వు చిన్నప్పుడు బావిలోకి తొంగిచూసి ఇలాగే అరిచేవాడివి" అన్నారు.

ఇంకో మాట, ఈ నీళ్ళ గురించి. రియో గ్రాండే పేరుకి పెద్ద నది. కానీ కొలరాడో కొండల్లో పుట్టిన నీళ్ళన్నీ ఎల్ పాసో చుట్టుపక్కల పొలాలకే చాలావరకు అయిపోతాయి. ఇక్కడ మీరు చూసే నీళ్ళు ఎక్కువగా మెక్సికో నుంచి వచ్చి ప్రెసిడియో దగ్గర కలిసే కాంచోస్ నదివి. అక్కడ వానలు లేకపోతే ఇక్కడ నది చిక్కిపోతుంది. అందుకే పడవ ప్రయాణం పెట్టుకునేవాళ్ళు ఆ వారం నీటిమట్టం అడిగి తెలుసుకోవాలి. మీ బృందానికి పడవ వద్దు.

నది ఎంత సన్నగా కనిపించినా సరదాకి కూడా అవతల ఒడ్డు ఎక్కకండి, అది సరిహద్దు దాటడమే. బాటల పక్కన రాళ్ళ మీద తీగతో చేసిన తేళ్ళు, రంగుల కర్రలు పెట్టి, పక్కన డబ్బా ఉంచుతారు. అవతలి గ్రామం వాళ్ళ చేతిపని అది, ముచ్చటగా ఉంటుంది. అయితే ఇటువైపు అవి కొనడం చట్టవిరుద్ధం, పట్టుకుంటే తీసేసుకుంటారు. అవి సక్రమంగా కొనాలంటే మెక్సికో వైపున్న బొకీయాస్ ఊరి దగ్గర అధికారిక దారి ఉంది. 2001 దాడుల తర్వాత మూసేసి, 2013లో మళ్ళీ తెరిచారు. పాస్‌పోర్టుతో చిన్న పడవలో దాటి, గాడిద మీద ఊళ్ళోకి పోవచ్చు. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి చక్కటి అనుభవం. మీరు మాత్రం ఈసారి వద్దు. తిరిగి రావడం అంటే కొత్తగా అమెరికాలో ప్రవేశించడమే. అక్కడ ఎదురుగా ఇమ్మిగ్రేషన్ అధికారి ఉండడు, యంత్రం ముందు నిలబడి దూరాన ఉన్న అధికారితో మాట్లాడాలి. విజిటర్ వీసా మీద ఉన్న పెద్దవాళ్ళతో, హెచ్1బి కాగితాలతో అక్కడ తేడా వస్తే దగ్గరలో ఇంకో దారి లేదు.

మీరు అడిగిన చెకింగ్ వేరే. పార్కు నుంచి ఉత్తరానికి తిరిగి వచ్చే రోడ్ల మీద, మారథాన్ వైపూ ఆల్పైన్ వైపూ, బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్లు ఉన్నాయి. ప్రతి కారూ ఆగాలి. మీరు సరిహద్దు దాటకపోయినా ఆపుతారు. సిటిజన్లేనా అని అడుగుతారు, కాదు, హెచ్1బి, వీళ్ళు మా అమ్మానాన్నలు, విజిటర్లు అని చెప్పి కాగితాలు ఇవ్వండి. అందరి ఒరిజినల్ పాస్‌పోర్టులు, ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు) ప్రింట్లు, మీ ఐ-797 (హెచ్1బి మంజూరు పత్రం) ఒక ఫోల్డరులో పెట్టి అమ్మగారి చేతికివ్వండి. ఫోనులో ఫొటో ఉంది కదా అనుకోవద్దు, సిగ్నల్ ఉండదు, పైగా 18 ఏళ్ళు దాటిన విదేశీయులు కాగితాలు వెంట ఉంచుకోవాలన్నది ఇక్కడి చట్టం. నన్ను ఎప్పుడూ రెండు నిమిషాల కంటే ఎక్కువ ఆపలేదు.

తిండి గురించి మీ అమ్మగారికి నిశ్చింతగా ఉండమని చెప్పండి. బయట శాకాహారం దొరకడం కష్టమే, టెర్లింగ్వాలో బీన్స్ టాకోలు, చీజ్ వేసిన రొట్టెలు దొరుకుతాయి, పెద్దవాళ్ళకి ఒక పూటకి మించి సయించవు. అద్దె ఇంట్లో చిన్న రైస్ కుక్కర్ పెట్టుకోండి. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకుంటే మధ్యాహ్నానికి ఎక్కడైనా తినవచ్చు. ఐస్ పెట్టెలో పెరుగన్నం, ఊరగాయ, పళ్ళు. ఉప్పు జల్లిన వేరుశనగపప్పు నేను ఇప్పుడు ఎప్పుడూ మర్చిపోను. నీళ్ళు మనిషికి రోజుకి ఒక గ్యాలన్ లెక్క, కారులో ఇంకో రెండు గ్యాలన్లు ముట్టుకోకుండా ఉంచండి. పిక్నిక్ బల్ల మీద డబ్బాలు వదిలి ఫొటోలకి పోవద్దు. ఎలుగుబంటి రాకపోయినా కాకులు, హావెలీనాలు వస్తాయి. హావెలీనా అంటే చూడటానికి అడవిపంది పిల్లలా ఉంటుంది, గుంపులుగా తిరుగుతుంది, దగ్గరికి పోకండి. రోడ్డు మీద పరిగెత్తే పొడవు తోక పిట్ట కనిపిస్తే అది రోడ్‌రన్నర్, మన జెముడుకాకి కుటుంబమే. నడకా అదే, తల ఎత్తి చూసే తీరూ అదే.

రాత్రి గురించి చెప్పకుండా ముగించలేను. అమెరికా ప్రధాన భూభాగంలోని నేషనల్ పార్కులన్నిట్లో కృత్రిమ వెలుతురు అతి తక్కువగా ఉన్నది ఇదే. 2012లో దీన్ని అంతర్జాతీయ డార్క్ స్కై పార్కుగా గుర్తించారు. అమావాస్యకి అటూఇటూ ఉన్న రోజులు చూసుకుని ట్రిప్పు పెట్టుకోండి, పంచాంగం చూస్తే చాలు. మా నాన్నగారిని తీసుకెళ్ళింది ఫిబ్రవరిలోనే. ఎనిమిదింటికి ఇంటి బయట లైట్లన్నీ ఆర్పేసి, రెండు దుప్పట్లు కప్పి కుర్చీలో కూర్చోబెట్టాను. ఫోను కూడా తీయనివ్వలేదు, కళ్ళు చీకటికి అలవాటు పడాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు ఆయన. తర్వాత చెయ్యెత్తి, "అదుగో పిల్లలకోడి, అదుగో మూడు చుక్కల గొల్లకావిడి" అని ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు జొన్నచేను కాపలాకి మంచె మీద పడుకుని వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నారట. ఊరికి కరెంటు వచ్చాక ఇన్ని చుక్కలు మళ్ళీ చూడలేదన్నారు. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా మా నాన్నకి చుక్కల పేర్లు తెలుసని నాకు తెలియదు. మీ నాన్నగారిని కూడా అడగండి, పాపని ఒళ్ళో కూర్చోబెట్టి. ఎర్రరంగు కాగితం చుట్టిన చిన్న టార్చి ఉంచుకోండి, తెల్లటి లైటు వేస్తే మళ్ళీ ఇరవై నిమిషాలు ఆగాలి.

టెర్లింగ్వాలో ఉంటారు కాబట్టి ఒక సాయంత్రం పాత గనుల ఊరు చూడండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడ ఇంగిలీకం తవ్వి పాదరసం తీసేవారు. గనులు మూతపడ్డాక జనం వెళ్ళిపోయారు, మట్టి ఇటుకల గోడలు మిగిలాయి. పక్కనే శ్మశానం, ఎక్కువగా మెక్సికన్ కూలీలవి, రాళ్ళు పేర్చిన సమాధులు, కర్ర శిలువలు. చాలావాటి మీద పేర్లు చెరిగిపోయాయి.

చీకటి పడ్డాక డ్రైవింగ్ వీలైనంత తగ్గించండి. పార్కులో వేగం 45 మైళ్ళే, జింకలు, హావెలీనాలు ఉన్నట్టుండి రోడ్డు మీదికి వస్తాయి. నాన్నగారికి చేతికర్ర ఒకటి కొనండి, ఇసుకలో చాలా ఆసరా. తేదీలు ఖాయం చేసుకున్నాక ఇక్కడ రాయండి. ఆ వారం చంద్రుడు ఎప్పుడు అస్తమిస్తాడో, వాగులో నీళ్ళెలా ఉన్నాయో చూసి, మూడు రోజుల్లో ఏది ముందు పెట్టుకోవాలో చెప్తాను.